ఊపిరి బిగబట్టొద్దన్న దీవి

థాయిలాండ్ వెళ్లొచ్చానని చెబితే మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒకటే నవ్వులు. "ఏంది అంజీ, మసాజ్ గట్టిగనే అయినట్టుంది, మనిషివి నల్లగైనవ్" అని ఒకడు. "ఫొటోలు సూపియ్యి, ఇంట్ల జెప్పంలే" అని ఇంకొకడు. నేను పోయింది నీళ్ల అడుగున పనిచేయడం నేర్పే బడులు చూసుకోవడానికంటే నమ్మినవాడు లేడు. పుట్టుకతో ఈతొచ్చినవాడు మునగడం నేర్చుకోవడానికి సముద్రం దాటి పోవడమేమిటని వాళ్ల అనుమానం. ఆ అనుమానం నాకూ ఉండేది. అందుకే అటువైపు పోనివాళ్ల కోసం, ముఖ్యంగా ఊపిరి బిగబట్టి బతికే మాలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

బయలుదేరే ముందు

మాది పటాన్‌చెరు దగ్గర కర్దనూర్. చేపలు పట్టే ఇల్లు. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి చెరువుల్లో చేప పోయింది, మాకు ఈత మిగిలింది. నేను గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఫైర్ సిబ్బందిలో పనిచేస్తాను. చుట్టుపక్కల చెరువులోనో క్వారీ గుంతలోనో ఎవరైనా మునిగితే పోలీసులు మా ఇంటికే ఫోన్ చేస్తారు. మునిగేది ఎక్కువగా బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీలు. ఆదివారం బట్టలుతుక్కుందామని పోతారు, కాలు జారుతుంది. వాళ్లను పైకి తెచ్చేవాడు మా నాన్న తమ్ముడు ఎల్లయ్య. మేం కాక అని పిలుస్తాం.

మా పని తీరు కొంచెం చెప్పాలి. నడుముకు తాడు కట్టుకుని దిగుతాం. తాడు కొస ఒడ్డున ఒకరి చేతిలో ఉంటుంది. కింద ఇబ్బందైతే రెండుసార్లు గుంజుతాం, పైనున్నవాళ్లు లాగేస్తారు. దిగే ముందు కమ్మరి తిత్తిలాగ బుస్సు బుస్సుమని గాలి పీల్చి వదులుతాం. దీన్ని మా ఇంట్లో తిత్తి కొట్టడం అంటారు. ఎన్ని ఎక్కువ కొడితే అంత ఎక్కువసేపు నీళ్ల కింద ఉండొచ్చని తాతల నాటి నుంచి నమ్మకం. ఆ లెక్క పైకి చెప్పేది కాక భార్య, మా చిన్నమ్మ. ఒడ్డున నిలబడి ఒకటి, రెండు అంటూ పాటలాగ సాగదీస్తుంది. తల తిమ్మిరెక్కేదాకా కొట్టి, ఆమె గొంతు ఆగగానే కాక మునిగేవాడు. చిన్నమ్మ లెక్కబెడితే ఎల్లయ్యకు ఊపిరి ఎక్కువొస్తుందని చుట్టూ ఊళ్లలో పేరు కూడా ఉంది.

పోయిన ఎండాకాలం క్వారీ గుంతలో ఒక కూలీ మునిగాడు. కాక దిగాడు, పైకొచ్చాడు, మళ్లీ దిగాడు. లోతు ఎంతకూ అందలేదు. చివరిసారి ఇంకా లెక్కబెట్టమని చిన్నమ్మకు చేత్తో సైగ చేశాడు. ఆమె ఎప్పటికంటే ఎక్కువే లెక్కబెట్టింది. ఆ దిగినవాడు ఇక రాలేదు. తాడు పట్టుకున్నది ఆయన కొడుకు మల్లేశన్న. తాడు గుంజిన జాడ లేదు. అనుమానమొచ్చి లాగేసరికి కింద రాళ్ల సందులో ఇరుక్కుని రాలేదు. నేను దిగి సగం దాకా పోయి తిరిగొచ్చాను. సాయంత్రానికి పట్నం నుంచి సిలిండర్లు కట్టుకున్నవాళ్లు వచ్చి, తొందర లేకుండా దిగి, కొద్దిసేపట్లోనే ఇద్దరినీ తెచ్చి ఒడ్డున పడుకోబెట్టారు. కాక ముఖంలో తన్నుకులాడిన గుర్తే లేదు.

ఊళ్లోవాళ్లు గుంత పట్టుకుందన్నారు. మల్లేశన్న మాత్రం ఒక్కటే మాట: "నాయిన గుంజిండేమో. నాకే తెల్వలేదేమో." అప్పటి నుంచి ఏ ఫోనొచ్చినా తానే దిగుతున్నాడు. తల్లి లెక్కబెడుతుంది, కొడుకు తిత్తి కొడతాడు. సిలిండర్ పని నేను నేర్చుకుని వస్తే అన్న ఒట్టి ఊపిరితో దిగాల్సిన అవసరం ఉండదు. నేను ఇల్లు కదిలింది ఈ ఒక్క కారణంతోనే.

పటాన్‌చెరులో మాకు తాళ్లు, కొక్కేలు అమ్మే ఖాదర్ భాయ్ దారి చూపించాడు. "మా సడ్డకుని కొడుకు థాయిలాండ్‌ల నేర్సుకున్నడు, ఇప్పుడు దుబాయ్‌ల నౌకరీ చేస్తుండు. పటాయా దగ్గర వడ్తది, కో తావ్ దీవిల ఖర్సు తక్కువ. రెండూ సూసి రా, పరేషాన్ గాకు" అన్నాడు. చిన్నమ్మ మామిడికాయ తొక్కు సీసాలో పెట్టిచ్చింది. ఎక్కడికి, ఎందుకు అని అడగలేదు. "జెర పైలం కొడుకా" అంది అంతే.

పటాయా

బ్యాంకాక్‌లో దిగి బస్సులో పటాయా పోయాను. ఊరు నేను అనుకున్నట్టే ఉంది, అంటే క్యాంటీన్‌లో వాళ్లు అనుకున్నట్టే ఉంది. ఒంటరి మగవాడిని, బ్యాగు భుజాన వేసుకుని డైవింగ్ స్కూల్ ఎక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు కన్నుకొట్టి వేరే దారి చూపించారు. చివరికి చెప్పుల జతలు గుట్టగా పడున్న గుమ్మం చూసి ఇదేనని పోల్చుకున్నాను. ఆ దేశంలో దుకాణాల్లోకి కూడా చాలాచోట్ల చెప్పులు విడిచి పోవాలి. ఆ ఒక్క పద్ధతితో నాకు ప్రాణం కుదుటపడింది.

స్కూల్ యజమాని తెల్లవాడు, ముసలివాడు, కాళ్లు కాలిపోయిన రంగు. గోడ నిండా రంగురంగుల చేపల ఫొటోలు. నీళ్లు ఎంత దూరం కనిపిస్తాయో చెప్పడం మొదలుపెట్టాడు. పది మీటర్లట, మంచి రోజైతే ఇంకా ఎక్కువట. నాకొచ్చిన ఇంగ్లిష్‌లో అడిగాను: "ఏమీ కనిపించని నీళ్లు మీ దగ్గర ఉన్నాయా?"

ఆయనకు నా ఇంగ్లిష్ మీద అనుమానమొచ్చి మళ్లీ చెప్పించుకున్నాడు. మళ్లీ అదే చెప్పాను. మా గుంతల్లో చెయ్యి ముందుకు చాస్తే చెయ్యి కనిపించదు. వేళ్లే మాకు కళ్లు. రాయా, గుడ్డా, మనిషా అని తడిమి తెలుసుకోవాలి. అద్దాల్లాంటి నీళ్లలో నేర్చుకుని నేనేం చేసుకోను? ఆయన నవ్వాడు, పక్కనున్నవాళ్లను పిలిచి చెప్పి మరీ నవ్వాడు. డబ్బిచ్చి చీకటి అడిగిన మనిషిని నన్నే చూశాడట. నాకు కోపమొచ్చింది. ఎందుకు అడుగుతున్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ పూట ఈతకొలనులో ఒక పాఠం ఇప్పించారు. నోట్లో గొట్టం, కళ్లూ ముక్కూ కప్పే అద్దం, వీపున సిలిండర్. నీళ్లలో తల పెట్టగానే నాకు తెలియకుండానే ఊపిరి బిగిసిపోయింది. నేర్పే కుర్రాడికి అది కనబడలేదు. నేను చేపలాగ చకచకా తిరుగుతుంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి భేష్ అన్నాడు. ఈ దేశంలో పై చదువులు కూడా ఇంత సులువేనా అనుకుని బయటికొచ్చాను.

బయట బండి మీద ఒక ఆవిడ రోట్లో పచ్చి బొప్పాయి, వేరుశనగలు, మిరపకాయలు వేసి దంచుతోంది. మన రోటి పచ్చడికి అక్కలాంటిది. కారం ఎంత వెయ్యమంటావని వేళ్లతో అడిగింది. తెలంగాణోడిని, కారం గురించి నన్నడగడమా అని అయిదు వేళ్లూ చూపించాను. రెండో ముద్దకే కళ్లల్లో నీళ్లు, చెవుల్లో గుయ్యిమని మోత. ఆవిడ నవ్వకుండా ఒక మంచినీళ్ల సీసా, జిగురన్నం పొట్లం చేతిలో పెట్టింది. అన్నీ కలిపి తొంభై బాట్లు, మన రూపాయల్లో రెండు వందల పైమాటే. ఆ ఊళ్లో నన్ను మనిషిలా చూసింది ఆవిడే.

చుంఫోన్ రేవు

కో తావ్‌కు పడవ చుంఫోన్ నుంచి. తెల్లవారి రేవులో దిగేసరికి వాన. నా వరుసలో అంతా తెల్ల పిల్లలు, వీపున నాకంటే పెద్ద బ్యాగులు. పడవ ముందు కొమ్ముకు రంగు గుడ్డలు, పూలదండలు కట్టి ఉన్నాయి. నేను అక్కడ కాలు పెట్టబోతే పడవ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ కొమ్ములో పడవ తల్లి ఉంటుందట, తొక్కకూడదట.

సిగ్గేసి చెంపలు వేసుకున్నాను. మా దగ్గర చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ ఉంటుంది. ఆమెకు కల్లు సాక పోయకుండా కాక ఏనాడూ నీళ్లలో అడుగుపెట్టలేదు. క్వారీ గుంతలకు కట్టలూ ఉండవు, మైసమ్మలూ ఉండరు. అయినా కాక ఒడ్డున ఒక రాయి చూసుకుని దాని మీద నాలుగు చుక్కలు పోసేవాడు. "తవ్వినోడు మర్సిపోయిండు, మనం గూడ మర్సిపోతే ఎట్లరా?" అనేవాడు. పడవ కదిలాక ఆ కొమ్ము వైపు చూసి దండం పెట్టుకున్నాను. ఆ మాట ఆయన గొంతులోనే వినబడి చాలాసేపు తల తిప్పలేకపోయాను.

కో తావ్

తాబేలు దీవి అని ఆ పేరుకు అర్థమట. చుట్టూ తిరిగితే మా పటేల్‌గూడ, అమీన్‌పూర్ కలిపినంత ఉంటుందేమో. రెండు అడుగులకో డైవింగ్ దుకాణం. మా దగ్గర ఇంటర్ కాలేజీల బోర్డుల్లాగ ఎవరి బోర్డు మీద చూసినా మేమే మొదటి వాళ్లమని ఉంటుంది. బిర్యానీ దొరికే చోటు కూడా ఒకటి ఉంది. ధర చూసి, వాసన పీల్చి, బయటి నుంచే సంతృప్తిపడి వచ్చేశాను. కోడికూర వేపుడు, దాని మీద గుడ్డు పెట్టిన అన్నం డెబ్భై బాట్లు. దానికి చిన్నమ్మ తొక్కు తోడైతే పూట గడిచిపోయేది. టీ మాత్రం అడగకండి. నారింజరంగులో, ఐసు గడ్డలతో ఇస్తారు.

మూడు దుకాణాలు తిరిగాను. మూడింట్లోనూ నీళ్లు ఎంత తేటో చెప్పారు. నాలుగో దాంట్లో ఒక నల్లటి మనిషి సిలిండర్లు వరుసగా పేరుస్తూ, నా ముఖం చూసి హిందీలో పలకరించాడు. పేరు బెన్నీ. అండమాన్‌వాడు, తాత రాంచీ వైపు నుంచి కూలికి వచ్చి అక్కడే ఉండిపోయాడట. ఇక్కడ శిక్షణ ఇచ్చేవాడిగా చాలా కాలంగా ఉన్నాడు.

"మా అండమాన్‌లో సముద్రం ఎండిపోయిందా, ఇంత దూరం వచ్చావు?" అన్నాడు.

"మీరెందుకొచ్చారు మరి?" అన్నాను.

"అది కూడా నిజమే" అని నవ్వి కుర్చీ చూపించాడు. మా ఫ్యాక్టరీలో బిహార్ వాళ్లతో మాట్లాడి మాట్లాడి నాకు హిందీ బాగానే వస్తుంది. ప్రాణం లేచొచ్చింది. చీకటి నీళ్ల సంగతి అడిగాను. ఈయన నవ్వలేదు.

"ఎవరిని వెతకాలి?" అన్నాడు.

మా పని చెప్పాను. అంతా విని, లోపలికి పోయి నీళ్లలో పెట్టుకునే పాత అద్దం ఒకటి, నల్ల టేపు చుట్ట తెచ్చాడు. అద్దానికి టేపు అతికించి నా కళ్లకు పెట్టాడు. పట్టపగలు నా ఎదుట మా క్వారీ గుంత వచ్చి నిలబడింది.

"నీళ్ల అడుగున పనిచేసేవాళ్లు ఇట్లాగే నేర్చుకుంటారు. చీకటి ఎక్కడైనా తయారు చేసుకోవచ్చు. ముందు వెలుతురులో ఊపిరి తీయడం రావాలి" అన్నాడు.

ఎక్కడ నేర్చుకోవాలో ఆ నిమిషంలోనే తేలిపోయింది.

తిత్తి

మర్నాడు ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో దిగాం. పటాయాలో కుర్రాడికి కనబడనిది బెన్నీకి ఒక్క చూపులో కనబడింది. నా నోటి నుంచి బుడగలు రావడం లేదు. మెడ దగ్గర పట్టుకుని ఆపి, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు: తియ్యి, వదులు, తియ్యి, వదులు. నాలుగుసార్లు చేసి మళ్లీ బిగబట్టాను. పైకి లేవబోతుంటే కిందికి లాగి కూర్చోబెట్టాడు. కళ్లతోనే తిట్టాడు. ఒడ్డుకొచ్చాక అసలు తిట్లు మొదలయ్యాయి.

"ఈ చదువులో మొదటి మాట ఒక్కటే. ఊపిరి బిగబట్టొద్దు. సిలిండర్ గాలి లోపల పెట్టుకుని నోరు మూసుకుని పైకి లేస్తే ఆ గాలి ఉబ్బుతుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఈతరాని వాళ్లకు నేర్పడం సులువు. నీకు ముందు మరిపించాలి."

నాకు పౌరుషం వచ్చింది. మా ఇంట్లో పసిపిల్లలకు మొదట నేర్పే మాట ఊపిరి బిగబట్టమనే. కాక నన్ను బావిలో దింపి, గడ్డం పట్టుకుని నేర్పిన చదువది. ఒట్టి ఊపిరితో మేమెంత లోతు పోతామో ఈయనకేం తెలుసు? చూడండి అని లేచి నిలబడి, అక్కడే ఇసుక మీద తిత్తి కొట్టడం మొదలుపెట్టాను. బుస్సు, బుస్సు, బుస్సు.

బెన్నీ నవ్వుతూ చూస్తున్నవాడు ఒక్కసారిగా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ముఖంలో నవ్వు లేదు.

"మీలో ఎవరు పోయారు?" అని అడిగాడు.

నేను కాక పేరు కూడా చెప్పలేదు అప్పటికి. కూర్చుండిపోయాను. మెల్లగా అంతా చెప్పాను. క్వారీ గుంత, తాడు, గుంజకపోవడం, తన్నుకులాడిన గుర్తు లేని ముఖం.

బెన్నీ చదువు చెప్పినట్టు కాకుండా చావు కబురు చెప్పినట్టు చెప్పాడు. నీళ్లలో ఊపిరి కోసం ఛాతీ కొట్టుకునేది గాలి అయిపోయినందుకు కాదట. లోపల చెడుగాలి పేరుకున్నందుకట. అది మన ఒంట్లో ఉన్న అలారం. తిత్తి కొడితే మంచిగాలి పెద్దగా పెరగదు, చెడుగాలి మాత్రం ముందే వెళ్లిపోతుంది. అప్పుడు అలారం మోగదు. మనిషి హాయిగా ఉన్నాననుకుంటాడు, ఇంకాస్త కిందికి పోతాడు. గాలి నిజంగానే అయిపోతుంది. ఏ సూచనా లేకుండా స్పృహ తప్పుతుంది. తాడు గుంజాలని కూడా తోచదు.

నేను ఫైర్ పనివాడిని, అలారం సంగతి నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరికే మోగుతోందని అలారం వైరు పీకేసి నిద్రపోయిన షెడ్డు ఎట్లా కాలిందో చూసినవాడిని. మా తాత పీకాడు, కాక పీకాడు, ఇప్పుడు మల్లేశన్న పీకుతున్నాడు. ఎంత ఎక్కువ లెక్కబెడితే అంత గట్టిగా పీకినట్టు.

"నొప్పి ఉండదు. ఆయనకేమీ తెలిసి ఉండదు. నిద్రపట్టినట్టు పోతారు" అన్నాడు బెన్నీ.

అన్నను తలుచుకుని మొదట సంతోషమేసింది. తాడు గుంజలేదు, అన్న తప్పు లేదు. ఆ వెంటనే చిన్నమ్మ గొంతు గుర్తొచ్చింది. చివరిసారి ఎప్పటికంటే ఎక్కువగా, పాటలాగ, ఒకటి తర్వాత ఒకటి లెక్కబెట్టిన గొంతు. ఆ దీవిలో అంత అందమైన ఒడ్డున కూర్చుని ఏడ్చాను. వచ్చేపోయే తెల్లవాళ్లు తప్పుకుని నడిచారు.

ఫోన్

గదికి పోగానే అన్నకు ఫోన్ చేశాను.

"యాడున్నవ్ అన్నా?"

"చెరువు కాడికెల్లి ఇప్పుడే వచ్చిన. ఒక ముసలాయన. దొరికిండు. మంచిగనే ఉన్న, ఒళ్లు దురద తప్ప. నీ సదువేమాయె?"

"నేనొచ్చేదాకా నీళ్లల్ల దిగకన్నా."

"గట్లెట్ల? ఫోన్ జేస్తే ఏం జెప్పాలె? ఆడ ఒడ్డుకు పిల్లల తల్లులు కూసోనుంటరు."

"అమ్మతోడెయ్యి."

"ఏమాయెరా? ఎందుకు గిట్ల మాట్లాడ్తున్నవ్?"

చెప్పలేకపోయాను. ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లో పెట్టి మాట్లాడతాడు అన్న. పక్కనే గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. అది చిన్నమ్మ. చెబితే అన్న మెడ మీది బండ దిగుతుంది, అదే బండ తీసుకుపోయి చిన్నమ్మ మెడ మీద పెట్టినట్టు. చెప్పకపోతే తిత్తి ఆగదు. రేపో ఎల్లుండో ఆమె నోటి లెక్కతోనే కొడుకు కూడా దిగుతాడు.

"ఏం లేదు. వచ్చినంక చెప్తా. జెర మాట ఇయ్యి" అన్నాను.

"సరే తియ్. అమ్మతోడు" అన్నాడు విసుగ్గా. వెనక నుంచి చిన్నమ్మ గొంతు: "తొక్కు సరిపోతుందా అడుగు."

ఇసుక మీద

మిగిలిన రోజులు బెన్నీ దగ్గరే పోయాయి. తొక్కు సీసా కూడా సగం ఆయన దగ్గరే అయిపోయింది. జిగురన్నం ఉండచేసి తొక్కులో అద్దుకుని తింటూ, ఇది చేసినావిడ చెయ్యి చల్లగుండాలి అనేవాడు. ఆవిడ ఎవరో ఆయనకు నేను చెప్పలేదు.

చివరి రోజు పడవలో లోపలికి తీసుకుపోయాడు. తాడు పట్టుకుని కొంచెం కొంచెంగా దిగాం. ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదుకోవడం, అద్దంలో నీళ్లొస్తే వదిలించుకోవడం, ఇవన్నీ వచ్చేశాయి. ఊపిరి మాత్రం అప్పుడప్పుడూ బిగుసుకునేది. బెన్నీ వేలితో నా పక్కటెముక పొడిచేవాడు, బుడగలు వదిలేవాడిని.

అడుగున ఇసుక తగిలింది. మోకాళ్ల మీద కూర్చున్నాను. చేపలు వచ్చాయి, పోయాయి. వాటిని గురించి రాయాలని చాలా అనుకున్నాను గానీ నాకు అవి సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నది ఒక్కటే. నా జీవితంలో మొదటిసారి నీళ్ల అడుగున నాకు తొందర లేదు. తల పగిలిపోతోందని, పైకి పోవాలని, ఇంకొక్క చెయ్యి తడిమి చూద్దామని, ఏదీ లేదు. ఇంట్లో అరుగు మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

అప్పుడు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. నలభై ఏళ్లు నీళ్లలో తిరిగిన మనిషి కాక. ఎందరి బిడ్డలనో వెతికి తెచ్చి తల్లుల ఒళ్లో పెట్టాడు. ఒక్కసారి కూడా ఇట్లా తీరిగ్గా నీళ్ల కింద కూర్చోలేదు. కూర్చోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అద్దంలో నీళ్లు నిండాయి. ఉప్పునీళ్లే, ఎటువైపు నుంచి వచ్చాయో బెన్నీకి తెలియలేదు. వదిలించుకొమ్మని సైగ చేశాడు.

పైకొచ్చాక, పూర్తి చదువుకు వానాకాలం పోగానే వచ్చి చేరతానని చెప్పాను. "ఒక్కడివే రాకు. నీళ్లలో ఎప్పుడూ ఇద్దరుండాలి" అన్నాడు. ఇంటికి పోయాక ఏం చెప్పాలో ఆయన్నే అడిగాను. బెన్నీ తల అడ్డంగా ఊపాడు. "అది నేర్పే బడి నాకు తెలియదు" అన్నాడు.

కర్దనూర్

విమానం దిగి పటాన్‌చెరు వచ్చేసరికి ఎప్పటి ఫ్యాక్టరీల వాసన ముక్కుకు తగిలింది. నాలుగు రోజులు దూరమైతే గానీ మన గాలికి వాసన ఉందని తెలియదు.

ఆ మధ్యాహ్నం చిన్నమ్మ చేపల పులుసు చేసింది. బజారులో కొన్న చేపలు. అన్న నా బ్యాగులోంచి బెన్నీ ఇచ్చిన నల్ల టేపు అద్దం తీసి కళ్లకు పెట్టుకుని, ఇదేందిరా అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వడం. ఆ నవ్వు పోకముందే అతని ఫోన్ మోగింది. పోలీస్ స్టేషన్ నుంచి. పక్క ఊరి గుంతలో ఎవరో పడ్డారట. అన్న లేచాడు. చిన్నమ్మ పొయ్యి ఆపి కొంగు బిగించింది.

ఇక వాయిదా వేసే వీల్లేకపోయింది. సిలిండర్ల వాళ్లను పట్నం నుంచి పిలిపించుకోమని అన్న చేతిలోని ఫోన్ తీసుకుని స్టేషన్‌కు నేనే చెప్పాను. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టాను.

బెన్నీ చెప్పినట్టే చెప్పాను. చెడుగాలి సంగతి, అలారం సంగతి, తాడు గుంజాలని కూడా తోచకపోవడం. అన్న రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "గుంజలే. నాయిన గుంజలే" అని పసిపిల్లవాడిలాగ ఏడ్చాడు. ఏడాదిగా ఏడవని మనిషి. చిన్నమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ, నా వైపే చూస్తోంది. ఆమెకు చదువు లేదు గానీ లెక్క వచ్చు.

"అంటే దిగే ముందు ఎక్కువ పీల్సొద్దా?" అంది.

"పీల్సొద్దు చిన్నమ్మా. ఒకటో రెండో, మెల్లగ. అంతే."

"ఎక్కువైతేనే గట్లయితదా?"

"అయితది."

"నొప్పి గిట్ల తెల్వలేదంటవు."

"తెల్వదు. నిద్ర వట్టినట్టేనంట."

ఆమె చెయ్యి కొడుకు వీపు మీద ఆగిపోయింది. ఎవరితోనూ కాదన్నట్టు అంది:

"అయితే ఆయనకు నేనే జోకొట్టిన."

అన్న తల ఎత్తి "అమ్మా, నీకేం తెల్సు, మనకెవలకు తెల్సు" అంటూ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. నేను కూడా ఏవేవో చెప్పాను. ఆమె విన్నదో లేదో తెలియదు. లేచి పొయ్యి మళ్లీ వెలిగించింది. మా ఇద్దరికీ కంచాలు పెట్టి, అన్నం వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. తాను ముద్ద ముట్టలేదు.